నాలుగో నంబరు జోలికి వెళ్లకు

రేవు గట్టు,
టికెట్ గది పైన వాటా,
జూన్ 3

వదినగారికి,

ఇక్కడ ఇద్దరం బాగున్నాం. మీ తమ్ముడు రాయాల్సిన ఉత్తరం నేను రాస్తున్నానని కోప్పడకండి. ఆయన పొద్దున్నే పనిముట్ల పెట్టె భుజాన వేసుకుని వెళ్లిపోయారు. కూరగాయల మార్కెట్లో కాటాలన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి మొరాయించాయట. గుమ్మం దాటుతూ, "నాణేల సంగతి నన్నడిగితే ఏం లాభం? అక్కని అడుగు. అక్క కంటికి దొరకని తప్పు ఇంతవరకూ పుట్టలేదు" అన్నారు. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను.

సంగతేమిటంటే, ఈ రేవులో టికెట్ కిటికీ వెనక కూర్చోవడం మొదలుపెట్టి నాకు మొన్నటితో పదేళ్లు నిండాయి. పడవల కంపెనీవాళ్లు పిలిచి, ఒక కవరు చేతిలో పెట్టి, ఫొటో తీసి పంపించారు. ఫొటోలో నా కళ్లు మూసుకుని ఉన్నాయి. ఆ కవరులో సొమ్ముతో ఏం కొనుక్కుంటావని మీ తమ్ముడు అడిగితే, పాత నాణేలు కొనుక్కుంటానన్నాను. "రోజంతా చిల్లర, సాయంత్రం కూడా చిల్లరేనా?" అని నవ్వారు. తర్వాత నవ్వలేదు. మంచి ఆలోచనే అన్నారు.

మా గట్టు మీద వాచీలు బాగుచేసే పెద్దాయనకి కళ్లు ఆనడం లేదు. కొట్టు మూసేస్తున్నారు. ఆయన సొరుగులో పంతొమ్మిది పాత నాణేలున్నాయి. నా కవరుకి నాలుగు వస్తాయి. నేను ఏరుకున్నాకే మిగతావాళ్లకి చూపిస్తానని, ఇరవై అయిదో తేదీదాకా ఆగుతానని మాటిచ్చారు. పల్చటి కాగితం పరిచి, పెన్సిల్ రుద్ది, పంతొమ్మిదింటికీ రెండువైపులా అచ్చులు తీశాను. నంబర్లు వేశాను. ఇందులో పెడుతున్నాను.

నా మనసు ఎటు లాగుతోందో కూడా చెప్పేస్తాను, నవ్వకండి. ఏడో దానికి చిల్లు ఉంది. ఎవరో దారం కట్టుకుని తిరిగారన్నమాట. పన్నెండో దాని మీద ఏదో కొట్టువాళ్లు కొట్టిన చిన్న ముద్ర ఉంది, ధాన్యపు కంకి బొమ్మ. నాలుగో దాని మీద తేదీ అరిగిపోయింది గానీ కొంగ నిక్షేపంగా ఉంది. మీ దగ్గర కొంగల వరస అంత ఉంది కదా, నా దగ్గర కూడా ఒక్క కొంగ ఉంటే బాగుంటుందనిపించింది.

ఏవి కొనాలో మీరే చెప్పాలి.

మీ మరదలు

~

మిల్లు క్వార్టర్లు, మూడో వరస,
జూన్ 9

మరదలా,

నీ ఉత్తరమూ అచ్చుల కాగితాలూ అందాయి. పెన్సిల్ గట్టిగా నొక్కావు. మెత్తగా రుద్దాలి. రెండు కాగితాలు చిరిగాయి.

తమ్ముడికి రాయడానికి తీరిక లేదన్నమాట. సరే.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. సేకరణంటే ఏది కావాలో తెలియడం కాదు, ముందు ఏది వద్దో తెలియాలి. నేను ముప్పై ఏళ్లుగా వెలుగు బల్ల ముందు కూర్చుని, పైనుంచి కిందకి జారే బట్టలో తెగిన పోగునీ ముడినీ చూసి సుద్దముక్కతో గీత పెడుతున్నాను. గీత పెట్టిన తాను పక్కకి పోతుంది. దాని మీద జాలిపడితే నా ఉద్యోగం ఉండదు. నాణేలూ అంతే. చిల్లు పడ్డదాన్ని సేకరణలో పెట్టుకోవడమంటే, చిరిగిన తానుని మంచి తానుల మీద పరుచుకోవడం. ఏడు వద్దు. ఎవరో సుత్తితో కొట్టి పాడుచేసిన పన్నెండు అసలే వద్దు.

రెండు, తొమ్మిది, పదిహేను, పదహారు తీసుకో. అంచులు బాగున్నాయి, అక్షరాలు తెలుస్తున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అవి చాలు.

నాలుగో నంబరు జోలికి వెళ్లకు. అది పోత పోసిన దొంగ నాణెం, అచ్చు కొట్టింది కాదు.

కొంగల వరస గురించి రాశావు. కొంగ బొమ్మ నాణేలు ఇరవై రెండు సంవత్సరాలు అచ్చయ్యాయి, ఏడాదికొకటి. నా దగ్గర ఇరవై ఒకటి ఉన్నాయి. అమ్మ పోయినప్పుడు తమ్ముడికి ఆరేళ్లు, నాకు పద్దెనిమిది. ఏడుపు మానడం లేదని ఒక నాణెం చేతిలో పెట్టి, కొంగని చూపించి, "దీనికి అన్నదమ్ములున్నారు, వెతుకుదామా?" అన్నాను. అలా మొదలైంది. ఒక్క కొంగ ఉంటే బాగుంటుందని మొదలుపెట్టింది కాదు.

వాడిని ఎప్పట్లాగే నెల మొదటి ఆదివారం రమ్మన్నానని చెప్పు.

వదిన

~

రేవు గట్టు,
జూలై 4

వదినగారికి,

మీరు తిట్టే ముందు నేనే చెప్పేస్తాను. మీ మాట సగం విన్నాను, సగం వినలేదు.

కొన్నవి ఏడు, తొమ్మిది, పన్నెండు, పద్దెనిమిది. తొమ్మిది మీరు చెప్పిందే. చూడటానికి చాలా మర్యాదస్తురాలిలా ఉంది, పక్కనున్న చిల్లుదానితో మాట్లాడదు. నాలుగో దాన్ని మాత్రం మీరన్నట్టే వదిలేశాను. వదిలేసే ముందు ఒకసారి రాతి గచ్చు మీద వేసి చూశాను. ఖణేల్‌మంది. పదేళ్లుగా రోజుకి వెయ్యి నాణేలు ఈ వేళ్ల మధ్య నుంచి పోతుంటాయి వదినా. దొంగ నాణెం నా చేతికి జిడ్డుగా తగులుతుంది, ఎందుకో చెప్పలేను. ఇది తగల్లేదు. అయినా మీరు చెప్పాక ఇంకేముంటుందని తిరిగి సొరుగులో పెట్టేశాను. వారం తిరక్కముందే ఎవరో పోస్టులో డబ్బు పంపి దాన్ని కొనుక్కున్నారట. పాపం, ఎవరో మోసపోయారు.

ఇప్పుడు పన్నెండు కథ వినండి. మీ తమ్ముడు దాన్ని జేబులో వేసుకుని, కాటా బాగుచేయడానికి వెళ్లిన ప్రతి కొట్టులోనూ ఆ కంకి ముద్ర ఎవరిదని అడగడం మొదలుపెట్టారు. పదకొండో రోజున రొట్టెల బట్టీల సందులో ఒక ముసలామె చూసి గుర్తుపట్టింది. చిల్లర కరువైన రోజుల్లో వాళ్ల తాత అరిగిన నాణేలకి కంకి ముద్ర కొట్టి పంచాడట. అది తెచ్చినవాళ్లకి ఒక రొట్టె ఇచ్చేవాడట. "పోయేదాకా ఒకటి వెనక్కి రాలేదని గొణుగుతూనే ఉండేవాడయ్యా. అది మీ దగ్గరుందా!" అందట. ఈయన ఊరుకుంటారా? "అయితే నా రొట్టె ఏదీ?" అన్నారట. ఆమె వేడివేడిగా ఒక రొట్టె కాగితంలో చుట్టి ఇచ్చి, నాణేన్ని కళ్లకద్దుకుని తిరిగి ఇచ్చేసింది. సాయంత్రం ఇద్దరం గట్టు మీద కూర్చుని ఆ రొట్టె తిన్నాం. ఆయన అంత సంతోషంగా ఉండటం పెళ్లయ్యాక నేను చూడలేదు.

మొదటి ఆదివారం మీ దగ్గరికి రాలేకపోయారు. నా నాలుగింటికీ గుంటలు తొలిచి చెక్క పళ్లెం చేస్తూ కూర్చున్నారు. ఏమనుకోకండి. వచ్చే నెల తప్పకుండా వస్తారు.

మీ మరదలు

~

మిల్లు క్వార్టర్లు,
జూలై 11

మరదలా,

నాలుగు నాణేలకి చెక్క పళ్లెమా! తమ్ముడు చేయి తిరిగినవాడే, బాగానే చేసి ఉంటాడు. నా పళ్లేలకి నేనే మిల్లు నుంచి నల్లగుడ్డ ముక్కలు తెచ్చి అతికించుకున్నాను. అప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. జిగురు గిన్నె పట్టుకుని నిలబడ్డాడు.

మొదటి ఆదివారం అలవాటుకొద్దీ ఇద్దరికి టీ నీళ్లు పెట్టాను. పదకొండు దాకా చూసి నేనే రెండు గ్లాసులూ తాగాను. ఇది ఫిర్యాదు కాదు. అడగకపోయినా నువ్వు రొట్టె కథ అంత వివరంగా రాశావు కాబట్టి, నేను టీ కథ రాస్తున్నాను.

పదకొండు రోజులు తిరిగాడా ఆ ముద్ర కోసం? నా కొంగల కోసం కూడా తిరిగాడులే, ఒకప్పుడు. ఈ మధ్య అడిగితే "చూస్తున్నానక్కా" అంటాడు. అది చూసేవాళ్లు అనే మాట కాదు.

మీరు రొట్టె తిన్నారు, సంతోషమే. కానీ ఒక నాణెం వెనక ముచ్చటైన కథ ఉన్నంత మాత్రాన అది మంచి నాణెం అయిపోదు. రేపు ఎవరైనా తెలిసినవాళ్లు నీ పళ్లెం చూసి నవ్వితే, నేను చెప్పలేదనకు.

దొంగ నాణేలు చేతికి జిడ్డుగా తగులుతాయన్న మాట ఏ పుస్తకంలోనూ లేదు.

వదిన

~

రేవు గట్టు,
ఆగస్టు 18

వదినగారికి,

మీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. టీ దగ్గరికి వచ్చేసరికి లేచి వెళ్లి కాసేపు నీళ్లవైపు చూస్తూ నిలబడ్డారు. నేను అలా చదవకుండా ఉండాల్సింది. చదివాను. ఎందుకు చదివానో నాకే సరిగ్గా తెలియదు.

ఆ రోజునుంచీ ఆయనకి ఒకటే ధ్యాస. మీకు లేని ఆ ఒక్క కొంగ, టంకశాల తగలబడిపోయిన సంవత్సరానిది, ఎక్కడుందో వెతికి తీరాలని. తిరిగిన కొట్లన్నిటికీ కార్డులు రాశారు. మొత్తానికి ఒక జవాబు వచ్చింది. ఇక్కడికి ఆరు గంటల దూరంలో ఇనప సామాన్ల కొట్టాయన ఒకడున్నాడు. అతని కాటా ఏడాదికోసారి వెళ్లి చూసి వచ్చేది ఈయనే. అతని దగ్గర ఆ సంవత్సరం కొంగ ఉందట, చివరి అంకె కొంచెం అరిగిందట. డబ్బుకి ఇవ్వడట. కొట్ల ముద్రలున్న నాణేలు పోగుచేయడం అతని పిచ్చి. నా రొట్టె నాణెం ఇస్తే కొంగని ఇస్తానన్నాడు.

మీ తమ్ముడు నన్ను అడగలేదు. అడిగే మనిషి కాదని మీకూ తెలుసు. పళ్లెం వైపు చూస్తారు, నా వైపు చూస్తారు, భోజనం చేస్తారు. నాలుగు రోజులుగా ఇదే వరస.

అందుకని మళ్లీ మిమ్మల్నే అడుగుతున్నాను. ఏది కొనాలో చెప్పారు, ఏది వదలాలో చెప్పారు. ఇది ఇచ్చెయ్యాలో వద్దో కూడా మీరే చెప్పండి. ఆ కొంగ మీకు అంత అవసరమా? మీరు వద్దంటే నేను ఆయనకి సర్దిచెబుతాను. ఇమ్మంటే ఇచ్చేస్తాను.

మీ మరదలు

~

మిల్లు క్వార్టర్లు,
ఆగస్టు 22

మరదలా,

ఇచ్చెయ్యి. మొదటినుంచీ అది సేకరణలో ఉండాల్సిన నాణెం కాదనే చెబుతున్నాను.

వదిన

~

మిల్లు క్వార్టర్లు,
సెప్టెంబరు 8

మరదలా,

దీన్ని నాలుగుసార్లు రాసి చింపాను. ఇది అయిదోది, చింపను.

మొన్న ఆదివారం తమ్ముడు వచ్చాడు. బస్సులో కూర్చుని కూర్చుని కాళ్లు వాచిపోయి ఉన్నాయి. చెప్పులు విప్పడానికి వంగలేక గోడ పట్టుకున్నాడు. నీళ్లైనా తాగకుండా, "అక్కా, కళ్లు మూసుకో" అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లవాడు. నేను మూసుకున్నాను. రుమాలు మడతలోంచి తీసి అరచేతిలో పెట్టాడు.

అది ఆ సంవత్సరం కొంగ కాదు.

చూసిన మరుక్షణంలోనే తెలిసిపోయింది. కొంగ కాళ్ల దగ్గర రెల్లు దుబ్బులుంటాయి. మామూలు సంవత్సరాల్లో రెండు. టంకశాల కాలిపోయిన సంవత్సరంలో మాత్రం మూడు. నిరుడు చలికాలంలో ఒక పాత పుస్తకంలో చదివాను. వాడికి చెప్పి ఆశ్చర్యపెట్టాలని మూడు మొదటి ఆదివారాలు ఎదురుచూశాను. రెండింటికి రాలేదు. మూడోదానికి వచ్చి గంటలో లేచాడు, నీకు ఒంట్లో బాగాలేదని. చెప్పలేదు. అడిగినప్పుడు చెబుదాంలే అనుకున్నాను. అందుకే వాడికి అరిగిన అంకె తప్ప ఇంకే గుర్తూ తెలియదు, మోసపోయాడు. ఆ కొట్టాయనకి కూడా తెలిసి ఉండదు.

వాడు నా మొహమే చూస్తున్నాడు. "ఇదేరా" అన్నాను. పళ్లెంలో ఖాళీగా ఉన్న గుంటలో తనే పెట్టాడు. పెట్టి, ఒక గంటసేపు గుర్రుపెట్టి పడుకున్నాడు.

వాడు పడుకున్నంతసేపూ, వంటగదిలో సూదుల డబ్బా అడుగున మూడు దుబ్బుల కొంగ ఉంది. అది నీ నాలుగో నంబరు.

నీ పెన్సిల్ అచ్చులోనే చూశాను. నువ్వు గట్టిగా నొక్కావు కదా, మూడో దుబ్బు కూడా స్పష్టంగా పడింది. పోత నాణెం అని నీకు రాసిన రోజే, మా బట్టల గదిలో పక్క బల్ల ఆవిడ పేరు పెట్టి వాచీల ఆయనకి మనియార్డరు కట్టాను. పోస్టాఫీసులో ఫారం రెండుసార్లు తప్పు రాశాను గానీ, వెనక్కి రాలేదు.

ఎందుకని అడుగుతావు. ఏళ్ల తరబడి చెయ్యి చాచినా నాకు అందలేదు. నువ్వు మొదటిసారి చాచావు, నీ వేళ్లకి తగిలింది. అదొక్కటే అయితే ఏదోలా మింగేదాన్నేమో. దాన్ని నువ్వు వాడికి చూపిస్తావు. వాడి మొహం ఎలా వెలుగుతుందో నాకు తెలుసు. ఆ వెలుగు ఆరేళ్లప్పుడు నేను వెలిగించింది. అది నీ గదిలో, నీ పళ్లెం ముందు వెలగడం నేను ఓర్చుకోలేకపోయాను. నాకు కడుపుమంట. ఇంతకన్నా మర్యాదైన మాట ఏదైనా ఉందేమోనని వెతికాను. లేదు.

కొంగ నా చేతికొచ్చాక ఎవరికి చూపించను? వాడికి చూపిస్తే ఎక్కడిదంటాడు. సూదుల డబ్బాలో పెట్టి, బొత్తాం కుట్టుకోవడానికి తీసినప్పుడల్లా మూత వేసేశాను.

ఇంకొకటి. "ఇచ్చెయ్యి" అని ఒక్క ముక్క రాశానే, అది మొదటిదానికన్నా తప్పు. కొంగ నా ఇంట్లోనే ఉందని తెలిసి రాశాను. ఆ రొట్టె నాణెం మీ ఇంట్లోంచి పోతే చాలనుకున్నాను. పోయింది. నా కడుపు చల్లబడలేదు.

ఇక నీ ఇష్టం.

వదిన

~

రేవు గట్టు,
సెప్టెంబరు 15

వదినగారికి,

మీ ఉత్తరం టికెట్ కిటికీలో కూర్చునే చదివాను. పది గంటల పడవ నిండకుండానే వెళ్లిపోయింది. కిటికీ ముందు జనం నన్ను ఎన్ని మాటలన్నారో నాకు ఒక్కటీ వినపడలేదు.

నాకు ముందే తెలుసు.

జూన్‌లో వాచీల పెద్దాయన మనియార్డరు కాగితం నా చేతికిచ్చి, అడ్రసు చదివి పెట్టమన్నారు, ఆయనకి కళ్లు ఆనవు కదా. పేరు ఎవరిదైతేనేం, దాని మీద పోస్టాఫీసు ముద్ర నేను మీ ప్రతి ఉత్తరం మీదా చూసేదే. అడ్రసులో "మిల్లు" అన్న మాటకి తోక ఎలా తిప్పుతారో కూడా నాకు తెలుసు. చదివి వినిపించాను. నాణెం పంపాల్సిన కవరు మీద పేరు నేనే రాసి పెట్టాను. మీకు వచ్చిన నాణెం కవరు మీద దస్తూరీ నాదే వదినా, మీరు చూసుకోలేదు. తర్వాత మీకు "పాపం, ఎవరో మోసపోయారు" అని రాశాను. మీకు గుచ్చుకోవాలనే రాశాను.

ఆగస్టులో అడిగిన ప్రశ్న కూడా ఊరికే అడిగింది కాదు. మీరు వద్దంటారని చూశాను. "వద్దమ్మా, నాకు అవసరం లేదు" అని ఒక్క ముక్క రాసి ఉంటే మిగతాదంతా మింగేసేదాన్ని. మీరు ఇచ్చెయ్యమన్నారు. అయితే చూద్దాం, మీ మాట ఎంతదూరం పోతుందో అని నేనూ ఇచ్చేశాను. కసితో ఇచ్చాను.

ఆ రోజు పొద్దున ఆయనకి భోజనం డబ్బా కట్టి ఇచ్చింది నేనే. ఈ మనిషి పోనూ రానూ పన్నెండు గంటలు బస్సులో కుదుపులు తిని, వాళ్లక్క ఇంట్లోనే ఉన్నదానికోసం వెళ్తున్నాడని తెలిసీ కట్టాను. కిటికీలోంచి చెయ్యి కూడా ఊపాను. మీరు పోస్టాఫీసులో తడబడ్డారు. నాకు అదీ లేదు.

మీకు నా మీద అసూయ అన్నారు. మరి నాది వినండి. పెళ్లయిన కొత్తలో మీ ఇంట్లో రెండు రోజులున్నాం. మీరిద్దరూ పళ్లేలు ముందేసుకుని, "ఇది గుర్తుందా", "అది వానలో దొరికింది కదూ" అంటుంటే నేను ఎదురుగా కూర్చుని మీ గోడ గడియారం చూశాను. రెండు రోజుల్లో అది ఏడు నిమిషాలు వెనకబడింది. అంత శ్రద్ధగా చూశాను. నాణేలు కొనుక్కుంటానని ఎందుకన్నాననుకున్నారు? ఆ బల్ల దగ్గర నాకూ ఒక కుర్చీ కావాలని. తర్వాత నిజంగానే ఇష్టం పుట్టింది, అది వేరే సంగతి.

నాలుగో నంబరు గురించి ఒకటి చెప్పాలి. మీరు నన్ను అడిగి ఉంటే సంతోషంగా ఇచ్చేసేదాన్ని అనుకోకండి. ఇచ్చేదాన్ని కాదు. గొడవపడేదాన్ని. అయినా మీరు అడిగి ఉండాల్సింది.

ఆయనకి నేను చెప్పలేదు. ఇంకా అది దొరికిందనే సంబరంలో ఉన్నారు, కాళ్లకి కాపడం పెట్టుకుంటూ. చెప్పాల్సింది మీరు. నా వాటా కూడా కలిపి చెప్పండి.

మీ మరదలు

~

మిల్లు క్వార్టర్లు,
అక్టోబరు 1

మరదలా,

నాలుగేళ్లలో మొదటిసారి సెలవు పెట్టాను. సూపర్వైజర్ "ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. నాకే అన్నాను.

ఇనప సామాన్ల కొట్టుకి వెళ్లివచ్చాను. ఆరు గంటలన్నావు గానీ, మధ్యలో టైరు మార్చారు, ఏడయింది. కొట్టంతా మేకుల డబ్బాలు, గొలుసులు, నూనె వాసన. కాటా మీద తమ్ముడు వేసిన సీసపు సీలు చూశాను. ఎంత శుభ్రంగా వేస్తాడో. కొట్టాయన నన్ను చూసి, "మేకులా, తాళమా?" అన్నాడు.

సూదుల డబ్బాలోంచి కొంగని తీసి బల్ల మీద పెట్టాను. భూతద్దం ఇచ్చి, దుబ్బులు లెక్కపెట్టమన్నాను. ఒకటి, రెండు, మూడు అన్నాడు. అదేమిటో చెప్పాను. తను ఇచ్చింది ఏమిటో కూడా చెప్పాను. మొహం మాడిపోయింది పాపం, కావాలని మోసం చేసిన మనిషి కాదు. దీన్ని తీసుకుని ఆ కంకి ముద్రదాన్ని ఇమ్మన్నాను. తమ్ముడు తెచ్చిన రెండు దుబ్బులదాన్ని కూడా వెనక్కి ఇవ్వబోతే, అదీ నన్నే ఉంచుకోమన్నాడు.

"ఇంత తెలిసీ ఇచ్చేస్తున్నారా? ఆ రొట్టె బిళ్లకోసం?" అన్నాడు.

"అది మా మరదలిది" అన్నాను.

అతను దాన్ని వరసలోంచి తీసి, పాత పేపరు ముక్కలో చుట్టి ఇచ్చాడు. తిరుగు బస్సులో దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. అరిగి నున్నగా ఉంది. నీ మాటలు గుర్తొచ్చి వేళ్లతో చూడటానికి ప్రయత్నించాను. నాకేమీ తెలియలేదు. నాకు కళ్లే ఉన్నాయి.

రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. నీ పళ్లెంలో దాని గుంటలో పెట్టుకో. నా వరసలో ఆ గుంట మళ్లీ ఖాళీ. అలాగే ఉండనీ.

ఇందులో తమ్ముడికి వేరే ఉత్తరం ఉంది. అంటించలేదు. ముందు నువ్వు చదువు. ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొచ్చి ఉంటే ఆ వాక్యం కొట్టేసి అప్పుడు వాడికివ్వు. నీ వాటా నేను రాయలేదు. అది నువ్వే చెప్పుకో. నీ గురించి వాడికి ఫిర్యాదు చేసే అర్హత నాకు లేదు. పైగా ఆ పని చేస్తే నాకెంత బాగుంటుందో నాకు తెలుసు.

వదిన

~

రేవు గట్టు,
అక్టోబరు 12

వదినగారికి,

రొట్టె నాణెం క్షేమంగా చేరింది. దాని గుంటలో పెట్టాను. సరిగ్గా అమరింది.

ఆయనకి రాసిన ఉత్తరం చదివాను. రెండు వాక్యాలు కొట్టేశాను. ఒకటి మిమ్మల్ని మీరు వెనకేసుకొచ్చింది. రెండోది మిమ్మల్ని మీరు మరీ తిట్టుకున్నది. అది చదివితే ఆయనకి మీ మీద జాలి పుట్టుకొస్తుంది, అప్పుడు మనిద్దరం తేలిగ్గా బయటపడిపోతాం. అలా వీల్లేదనుకున్నాను. తర్వాత నా వాటా చెప్పాను. భోజనం డబ్బా సంగతితో సహా.

అరవడం, విసరడం ఏమీ లేదు. రెండు రోజులపాటు ఎవరో పారేయమని ఇచ్చిన పాత కాటా ఒకటి ముందేసుకుని, ఊడదీసి, ప్రతి ముక్కా తుడిచి, మళ్లీ బిగించారు. బిగించాక మళ్లీ ఊడదీశారు. నేను పక్కన గ్లాసు పెడితే తాగారు, తల ఎత్తలేదు. నన్ను తిట్టినా బాగుండేది. మీ మీదైనా అరిచి ఉంటే బాగుండేది.

మూడో రోజు పొద్దున గడ్డం గీసుకుంటూ, అద్దంలోకి చూస్తూనే అడిగారు.

"మూడు దుబ్బులూ ఒకే ఎత్తులో ఉన్నాయా?"

నాకేం తెలుసు? పెన్సిల్ అచ్చులో చూసిందే గుర్తు చేసుకుని, మధ్యది కొంచెం పొట్టి అని చెప్పాను.

సబ్బు నురగ అలాగే ఆరిపోతోంది. "ఇన్నేళ్లు వెతికింది కదా. ఒక్కసారైనా నాకు చూపించకుండానే ఇచ్చేసిందా అక్క?" అన్నారు.

వదినా, ఆయన బాధ అబద్ధం ఆడినందుకు కాదు, బస్సులో తిప్పినందుకు కాదు. నేను ఆ మాటకి సిద్ధంగా లేను. మీరు దాన్ని దాచుకుంటూ చూశారు. నేను వదిలేసేముందు వేళ్లతో చూశాను. వాచీల ఆయన చూశాడు, ఇనప కొట్టాయన భూతద్దం పెట్టి మరీ లెక్కపెట్టాడు. ఆయనొక్కరే చూడలేదు. మీరు తప్పు దిద్దుకోవడానికి అంతదూరం వెళ్లారు సరే, ఆ దారిలో ఒక్కసారి ఇక్కడ దిగి ఆయన అరచేతిలో పెట్టి ఉండాల్సింది. అది నాకూ తట్టలేదు. నాకు నా నాణెం తిరిగొస్తే చాలనిపించింది.

కాబట్టి నేనొకటి ఏర్పాటు చేశాను. ఇనప కొట్టాయనకి కార్డు రాశాను. కొనడానికి కాదు, మార్చుకోవడానికి కాదు, చూడటానికి వస్తున్నామని. "ఎంతమంది వస్తారో రాయండి, స్టూళ్లూ అవీ వేయించాలి" అని జవాబిచ్చాడు. మంచి మనిషే. ముగ్గురం అని రాశాను. ఆయనకి చెబితే, అక్క పాత భూతద్దం ఇంకా ఉందా, తెస్తుందా అని అడిగారు. మీతో మాట్లాడతారో లేదో నేను హామీ ఇవ్వలేను. నాతో ఇప్పుడిప్పుడే పొడిపొడిగా మాట్లాడుతున్నారు.

వచ్చే ఆదివారం మొదటి పడవకి ఈ గట్టుకి వచ్చేయండి. మీ తిరుగు పడవ టికెట్ నేనే కోసి పెడతాను. బస్సు ఎనిమిదింటికి, మూడు టికెట్లు తీసేసుకున్నాను. రెండు సీట్లు పక్కపక్కన, ఒకటి వెనకాల. ఇక్కడ గొడవ రాకుండా ముందే చెబుతున్నాను. వెళ్లేటప్పుడు ఆయన పక్కన మీరు కూర్చోండి. వచ్చేటప్పుడు నేను.

మీ మరదలు